వడలక ముందే ఆగే ఆకు

అందరికీ నమస్కారం. ఇవాళ మన విషయం, కష్టకాలంలో ఆకు పెరుగుదల ఎలా ఆగుతుందన్నది. ముందుగా మాటల దగ్గరున్న చిక్కు విప్పుకుందాం. తెలుగులో ‘ఒత్తిడి’ అనే మాట రెండు పనులు చేస్తుంది. బెట్ట, ఎండ, ఉప్పు, ముంపు లాంటి బయటి కష్టాన్నీ ఒత్తిడే అంటాం, గాలి కొట్టిన ట్యూబు లోపల ఉండేదాన్నీ ఒత్తిడే అంటాం. ఆకు పెరుగుదలలో ఈ రెండూ పక్కపక్కనే వస్తాయి. అందుకని ఈ గంటసేపు బయటి కష్టాన్ని మాత్రమే ఒత్తిడి అంటాను. కణం లోపలి నీరు గోడల మీద చూపే బలాన్ని పీడనం అంటాను.

మొక్కకు నీరు చాలడం లేదని ఎప్పుడు గుర్తుపడతారని అడిగితే, ఆకులు వడలినప్పుడు అని ఎక్కువమంది చెబుతారు. అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది. నేల నెమ్మదిగా ఆరుతున్నప్పుడు, ఆకు వడలక ముందే, రంగు మారక ముందే, కిరణజన్య సంయోగక్రియ తగ్గక ముందే, ఆకు సాగడం మందగిస్తుంది. పైకి మొక్క నిగనిగలాడుతూనే ఉంటుంది. స్కేలు పెట్టి కొలిస్తే తప్ప తెలియదు. ఇవాళ మాట్లాడబోయేదంతా ఈ ముందుగా ఆగిపోవడం గురించే.

ఆకు ఎలా పెరుగుతుందో తెలిస్తే తప్ప ఎలా ఆగుతుందో అర్థం కాదు. కొమ్మ కొసన ఉండే విభాజ్య కణజాలం, అంటే చీలుతూ ఉండే కణాల గుంపు, పక్కన ఆకు ఒక చిన్న బుడిపెగా మొదలవుతుంది. అక్కడినుంచి రెండు పనులు జరగాలి. ఒకటి, కణాలు చీలి సంఖ్య పెరగడం. రెండు, చీలడం ఆపిన కణం నీటిని పీల్చుకుని సాగడం. కణం పదుల రెట్లు పెద్దదవుతుంది, కానీ ఆ పెరిగిన ఘనపరిమాణంలో ఎక్కువ భాగం రిక్తికలో, అంటే కణం లోపలి నీటి సంచిలో, చేరిన నీరే. అంటే ఆకు తన వైశాల్యాన్ని ప్రధానంగా నీటితోనే కొంటుంది. మామూలుగా ఆలోచిస్తే కణాల చీలిక అంతా ఆకు విప్పుకున్నాకే జరుగుతుందనిపిస్తుంది. నిజానికి ఆకు ఇంకా మొగ్గలో, మొవ్వులో దాగి ఉన్నప్పుడే చీలిక జోరుగా సాగుతూ ఉంటుంది. ఇవాళ మీ కంటికి కనిపించే చిన్న ఆకు, చాలాసార్లు కొన్ని వారాల కిందటి ఒత్తిడికి ఫలితం. నిన్న ఏం తప్పు జరిగిందా అని వెతికితే దొరకదు.

వెడల్పాకు మొక్కల్లో చాలావాటికి చీలిక మొదట ఆకు కొసన ఆగుతుంది, చివరికి మొదలు దగ్గర ఆగుతుంది. వరి, గోధుమ, మొక్కజొన్న లాంటి గడ్డిజాతి మొక్కల్లో అమరిక వేరు. పెరుగుదల మొత్తం ఆకు మొదట్లో, పాత ఆకుల తొడుగుల లోపల, కొన్ని సెంటీమీటర్ల మేర మాత్రమే జరుగుతుంది. అడుగున చీలే కణాలు, వాటిపైన సాగే కణాలు, ఆపైన పెరుగుదల ముగిసిన కణాలు. బయట ఎండలో మనకు కనిపించే పచ్చటి భాగం అప్పటికే పెరగడం మానేసింది. ఈ విషయం గుర్తుంచుకోండి, ఉష్ణోగ్రత దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు కణం సాగడం వెనకున్న లెక్క. 1965లో జేమ్స్ లాక్‌హార్ట్ అనే శాస్త్రవేత్త దీనికి ఒక సూత్రం ఇచ్చాడు. పెరుగుదల వేగం అంటే గోడ సాగే గుణాన్ని, పీడనం నుంచి ఒక హద్దు తీసేయగా మిగిలినదానితో గుణించడం. గోడ లొంగడం మొదలుపెట్టే కనీస పీడనమే ఆ హద్దు. అంకెలు వేసి చూద్దాం, ఇవి లెక్క కోసం తీసుకున్నవి. మెగాపాస్కల్ అనేది పీడనానికి కొలమానం. కణం లోపలి పీడనం 0.6 మెగాపాస్కల్, హద్దు 0.4 అనుకోండి. పెరుగుదలకు పనికొచ్చేది 0.2 మాత్రమే. కారు టైరులో ఉండేది సుమారు అంతే. నేల కొంచెం ఆరి పీడనం 0.5కి దిగింది. మొత్తం పీడనంలో పోయింది ఆరో వంతు, కానీ మిగులు 0.2 నుంచి 0.1కి పడింది. పెరుగుదల సగమైపోయింది. ఇంకో 0.1 తగ్గితే సున్నా. అప్పటికీ కణంలో 0.4 పీడనం ఉంది, ఆకు బిగువుగా నిటారుగానే నిలబడి ఉంటుంది. ఆకు వడలాలంటే పీడనం సున్నా దగ్గరికి రావాలి. వడలడానికి, ఆగడానికి మధ్య అంత దూరం ఉంది.

దీన్ని కొలిచి చూపించిన శాస్త్రవేత్తల్లో జాన్ బోయర్ ఒకరు. 1970లో ఆయన మొక్కజొన్న, సోయాచిక్కుడు, పొద్దుతిరుగుడు మొక్కల్ని పోల్చాడు. నీటి శక్మం అంటే ఆకులో నీటి స్థితిని చెప్పే కొలత, నీరు తగ్గేకొద్దీ అది మైనస్‌లో ఇంకా కిందికి దిగుతుంది. ఆకు నీటి శక్మం మైనస్ 0.4 మెగాపాస్కల్ దగ్గరికి చేరేసరికి ఆకు విస్తరణ వేగం మామూలులో పావు వంతుకో అంతకన్నా తక్కువకో పడిపోయింది. కిరణజన్య సంయోగక్రియ అంత తొందరగా, అంత ఎక్కువగా దెబ్బతినలేదు.

దీన్నిబట్టి ఒక పాత అపోహ కూలిపోతుంది. నీరు తగ్గితే పత్రరంధ్రాలు మూసుకుంటాయి, ఆహారం తయారు కాదు, అందుకే ఆకు పెరగదు అని చాలామంది చెబుతారు. వరస తలకిందులైంది. స్వల్ప బెట్టలో ముందు పెరుగుదల ఆగుతుంది. ఆకులు చక్కెరల్ని తయారుచేస్తూనే ఉంటాయి, వాడుకునే చోటు తగ్గింది కాబట్టి ఆ చక్కెరలు పేరుకుంటాయి. కొంత వేరుకు వెళ్తుంది. నేల ఆరుతున్నప్పుడు ఆకు ఆగినా వేరు కొస చాలాసేపు పెరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే అక్కడి కణాలు పొటాషియం, చక్కెరలు, ప్రోలీన్ లాంటివి కూడబెట్టి నీటిని తమవైపు లాక్కుంటాయి, గోడల్ని మెత్తగా ఉంచుకుంటాయి. తీవ్రమైన బెట్ట వస్తే కథ మారుతుంది. అప్పుడు రంధ్రాలు మూసుకుని నిజంగానే ఆకలి మొదలవుతుంది.

ఇక్కడ ఒక సవరణ చెప్పాలి, లేకపోతే లాక్‌హార్ట్ సూత్రం మరీ తేలిగ్గా అర్థమవుతుంది. ఆరుతున్న నేలలో, పెరిగే చోటి కణాలు పీడనాన్ని చాలావరకు నిలబెట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. అయినా పెరుగుదల తగ్గింది. అంటే మొక్క గోడనే బిగించింది. గోడ సాగాలంటే దానిలో ఆమ్లత పెరగాలి, ఎక్స్‌పాన్సిన్లనే ప్రోటీన్లు గోడ పోగుల మధ్య పట్టు సడలించాలి. ఒత్తిడిలో ఈ రెండూ తగ్గుతాయి. అబ్సిసిక్ ఆమ్లం, ఇథిలీన్ లాంటి హార్మోన్లు, పెరుగుదలను పెంచే జిబ్బరెల్లిన్ అనే హార్మోనుకు అడ్డుపడే డెల్లా ప్రోటీన్లు కణాల చీలికను కూడా నెమ్మదింపజేస్తాయి. కాబట్టి ఆకు ఆగడంలో కొంత భాగం నీరు అందకపోవడం, కొంత భాగం మొక్క ముందుజాగ్రత్తగా వేసుకున్న బ్రేకు. ఎంతెంత అనేది జాతిని, ఆకు వయసును, ఒత్తిడి వచ్చిన వేగాన్ని బట్టి మారుతుంది.

నేలలో పుష్కలంగా తడి ఉన్నా ఎండ మండే మధ్యాహ్నం ఆకు సాగడం తగ్గుతుంది. గాలి పొడిగా ఉంటే బాష్పోత్సేకం, అంటే ఆకు నుంచి నీరు ఆవిరవడం, పెరుగుతుంది, వేరు నుంచి ఆకు దాకా నీటి దారిలో లాగుడు పెరుగుతుంది, పెరిగే కణాలకు వాటా తగ్గుతుంది. సాయంత్రం, రాత్రి కోలుకుంటుంది. రోజూ జరిగే ఈ ఎగుడుదిగుడును బెట్ట అని పొరపడకూడదు.

నీరు మళ్లీ పెడితే ఏమవుతుంది? సాగే దశలో ఉన్న ఆకు నిమిషాల్లోనే కదులుతుంది, కొంతసేపు మామూలుకన్నా వేగంగా కూడా పెరగవచ్చు. ఒత్తిడి కొన్ని గంటలదైతే కోల్పోయినదాంట్లో చాలావరకు తిరిగి వస్తుంది. కానీ చీలిక దశలోనే ఒత్తిడి పడి కణాల సంఖ్య తగ్గిపోతే, తర్వాత ఎన్ని తడులిచ్చినా ఆ ఆకు పూర్తి పరిమాణానికి రావడం కష్టం. సాగే దశ ముగిశాక గోడలు గట్టిపడతాయి, అప్పుడు ఇచ్చిన నీరు ఆ ఆకును పెంచదు, దాని తర్వాతి ఆకును పెంచుతుంది.

నష్టం చక్రవడ్డీలా పెరుగుతుంది. రోజుకు ఆకు వైశాల్యం 10 శాతం చొప్పున పెరిగే లేత మొక్క 20 రోజుల్లో 6.7 రెట్లవుతుంది. 8 శాతమే పెరిగితే 4.7 రెట్లు. రోజుకు రెండు శాతం తేడాతో, 20 రోజులకు ఆకు వైశాల్యంలో దాదాపు 30 శాతం లోటు. లేత దశ బెట్టను చిన్నచూపు చూడొద్దనడానికి ఈ ఒక్క లెక్క చాలు.

ఇక ఉష్ణోగ్రత. ఆకు పెరుగుదల వినేది పెరిగే చోటి ఉష్ణోగ్రతను. మొక్కజొన్నలో సుమారు ఆరు ఆకులు విప్పుకునేదాకా పెరిగే కొస నేలమట్టానికి కిందే ఉంటుంది. గాలి వెచ్చగా ఉండి నేల చల్లగా ఉంటే ఆకు నేలమాటే వింటుంది. వాతావరణ కేంద్రం గాలి ఉష్ణోగ్రత తీసుకుని, పెరుగుదల లెక్క కుదరలేదని తల పట్టుకునేవాళ్లకు కారణం ఇదే. థర్మామీటరు నేలలో మూడు నాలుగు సెంటీమీటర్ల లోతున పెట్టండి, లెక్క కుదురుతుంది. మొక్కజొన్నలో ఆకు సాగడం సుమారు 10 డిగ్రీల దగ్గర మొదలై 30 డిగ్రీల దాకా దాదాపు సరళరేఖలో పెరుగుతుంది. గోధుమకు ఆ అడుగు హద్దు సున్నా దగ్గర ఉంటుంది. గోధుమలో ఒక ఆకు నుంచి తర్వాతి ఆకుకు ఇంచుమించు 100 డిగ్రీ-రోజులు పడుతుంది, అంటే అడుగు హద్దుకు పైనున్న రోజువారీ సగటు డిగ్రీల్ని కూడుతూ పోతే 100 కావాలి. సగటు 20 డిగ్రీలైతే అయిదు రోజులకొక ఆకు, 10 డిగ్రీలైతే పది రోజులకొకటి. వేడి ఒక హద్దు దాటితే, ఆకు త్వరగా పెరిగి త్వరగా ఆగుతుంది, చివరికి చిన్నదిగా మిగులుతుంది. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే అరబిడాప్సిస్ లాంటి చిన్న మొక్కల్లో 28 డిగ్రీల దగ్గరే కాడలు పొడవై, ఆకులు పైకి లేచి, పత్రదళం పలచబడుతుంది. చల్లబడటానికి అనువైన ఆకారమది, దెబ్బతిన్న లక్షణం కాదు.

ఉప్పు విషయంలో శాస్త్రవేత్త రాణా మన్స్ చెప్పిన రెండు దశల వివరణ చాలా పనికొస్తుంది. వేరు చుట్టూ ఉప్పు చేరగానే, ఉప్పులోని సోడియం ఇంకా ఆకులోకి వెళ్లకముందే, నీటిని పీల్చడం కష్టమై లేత ఆకు పెరుగుదల నిమిషాల్లో పడిపోతుంది. తర్వాత కొంత కోలుకుని, మునుపటికన్నా తక్కువ వేగం దగ్గర స్థిరపడుతుంది. ఇది మొదటి దశ, అచ్చంగా బెట్ట లాంటిదే. రోజులు, వారాలు గడిచాక ముదురు ఆకుల్లో సోడియం, క్లోరైడ్ పేరుకుని అంచుల నుంచి మాడతాయి. ఇది రెండో దశ. మొక్క నిలుస్తుందా లేదా అనేది, పాత ఆకులు చచ్చే వేగం, కొత్త ఆకులు వచ్చే వేగం, ఈ రెండింట్లో ఏది ఎక్కువన్న దాన్ని బట్టి ఉంటుంది. చౌడు నేల అనడానికి వాడే హద్దు, నేల సంతృప్త ద్రావణంలో, అంటే నీటితో పూర్తిగా తడిపిన మట్టి నుంచి తీసిన నీటిలో, మీటరుకు 4 డెసీసీమెన్స్ విద్యుత్ వాహకత. లీటరు నీటిలో సుమారు 2.3 గ్రాముల మామూలు ఉప్పు కలిపినంత. దాని ద్రవాభిసరణ పీడనం, అంటే ఉప్పు నీటిని తనవైపు పట్టి ఉంచే బలం, సుమారు 0.2 మెగాపాస్కల్. ఇందాకటి లెక్కలో పెరుగుదలకు మిగిలింది కూడా 0.2యే.

మిగతా ఒత్తిళ్లను త్వరగా చూద్దాం. నీడలో రెండు వేర్వేరు సంగతులున్నాయి: వెలుతురు తగ్గడం, వెలుతురు రంగు మారడం. తక్కువ వెలుతురులో ఆకు పలచగా వెడల్పవుతుంది. కానీ పక్క మొక్కల నీడలో ఎర్ర కాంతికి, కంటికి సరిగా కనిపించని దూరపు ఎర్ర కాంతికి ఉండే నిష్పత్తి ఆరుబయటి సుమారు 1.2 నుంచి బాగా దిగిపోతుంది. అప్పుడు చాలా మొక్కలు ఆకును వదిలి కాండాన్ని, కాడను సాగదీస్తాయి. షేడ్ నెట్ కింద పెంచి పంట గుబురులో ఏమవుతుందో చెప్పడం అందుకే కుదరదు. నెట్ వెలుతురును తగ్గిస్తుంది కానీ ఆ నిష్పత్తిని పెద్దగా మార్చదు.

ముంపులో ఆక్సిజన్ నీటిలో గాలికన్నా సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. ఊపిరాడని వేరులో తయారైన ఇథిలీన్ ముడిపదార్థం పైకెక్కి, ఆకు కాడలో ఇథిలీన్‌గా మారుతుంది. టమాటా కాడలు కిందికి వంగేది అందుకే. దీన్ని చూసి వడలిందనుకుని ఇంకా నీళ్లు పోసేవాళ్లున్నారు. కాడ వంగినా ఆకు బిగువుగా ఉందా లేదా అని వేళ్లతో తాకి చూడండి, తేడా తెలిసిపోతుంది.

పోషకాల్లో నత్రజని తగ్గితే ఆకు పాలిపోకముందే చిన్నదవుతుంది. జింకు తగ్గితే ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోను దెబ్బతిని, చిట్టి ఆకులు గుత్తులుగా వస్తాయి. కాల్షియం కథ కొంచెం వేరు. అది దారువులో, అంటే వేరు నుంచి నీటిని పైకి మోసే నాళాల్లో, నీటితోపాటే ప్రయాణిస్తుంది, పాత ఆకు నుంచి కొత్త ఆకుకు పోదు. క్యాబేజీ, లెట్యూస్ లాంటి వాటిలో లోపలి ముడుచుకున్న ఆకులు నీటిని ఆవిరి చేయవు, అందువల్ల నేలలో సున్నం ఎంత ఉన్నా వాటి అంచులు మాడతాయి. పైనుంచి పిచికారీ చేసినా లోపలి ఆకును చేరదు. గాలి ఆడేలా చూడటం, ఎదుగుదల వేగాన్ని కాస్త తగ్గించడం, రాత్రి తేమ ఉంచి వేరు పీడనంతో నీరు పైకెక్కేలా చేయడం పనిచేస్తాయి.

ఇక కొలత. కుండీల్లో బెట్ట ప్రయోగం చేసేవాళ్లు ఎక్కువగా తప్పేది తూకం దగ్గర. కుండీ 0.3 కిలో, ఎండు మట్టి 5 కిలోలు అనుకోండి. నిండా తడిపి, పైన కప్పి, 24 గంటలు నీరు ఓడ్చి తూస్తే 6.3 కిలోలు వచ్చింది. అంటే మట్టి పట్టుకోగలిగింది కిలో నీరు. ఇందులో 0.4 కిలో మొక్క పీల్చలేని నీరు అయితే, అందుబాటులో ఉన్నది 0.6 కిలో. అందుబాటు నీటిలో సగం అంటే 0.4కి 0.3 కలిపి 0.7 కిలో, కుండీ తూకం 6.0. మట్టి పట్టిన మొత్తం నీటిలో సగం అనుకుంటే 0.5 కిలో, తూకం 5.8. అక్కడ మొక్కకు దక్కేది 0.1 కిలో మాత్రమే. రెండింటినీ ‘50 శాతం’ అనే రాస్తారు, ఫలితాలకు పొంతన ఉండదు. ఏ 50 శాతమో రాయండి. మట్టి పైన గులకరాళ్లు పరచి నేరుగా ఆవిరయ్యే నీటిని తగ్గించండి. మొక్క బరువు కూడా పెరుగుతుంది కాబట్టి, వారానికోసారి అదనపు మొక్కల్ని కోసి తూచి ఆ బరువును లెక్కలో కలపండి.

ఉప్పు ప్రయోగంలో ఒక్కసారిగా 100 మిల్లీమోలార్ గాఢత ఉన్న ఉప్పునీరు పోస్తే మొక్క షాక్ తింటుంది, మీరు కొలిచేది ఆ షాక్‌నే. రోజుకు 25 చొప్పున పెంచండి. ద్రావణంలో కాల్షియం సరిపడా ఉంచండి, లేకపోతే సోడియం వల్ల వచ్చిన కాల్షియం లోపాన్ని ఉప్పు దెబ్బగా రాసుకుంటారు.

గడ్డిజాతి ఆకును కొలవాలంటే, పెరిగేది మొదట్లో కాబట్టి, మట్టిలో గుచ్చిన స్థిరమైన పుల్ల నుంచి ఆకు కొస దాకా కొలవండి. రోజూ ఒకే వేళకు, తెల్లవారుజామున అయితే మేలు. అయిదో ఆకుకు రంగు దారం కట్టండి, కింది ఆకులు రాలాక లెక్క తప్పకుండా ఉంటుంది. వైశాల్యానికి పొడవును గరిష్ఠ వెడల్పుతో గుణించి, మొక్కజొన్నకు, వరికి 0.75తో గుణిస్తే సరిపోతుంది. ఇతర మొక్కలకు 30 ఆకులు గ్రాఫ్ కాగితం మీద గీసి మీ గుణకం మీరే తేల్చుకోండి. ఒత్తిడిలో ఆకు ఆకారం మారితే గుణకం మారుతుంది, అందుకని ఒత్తిడి పడిన ఆకులకు విడిగా చూడాలి.

చీలిక దెబ్బతిందా, సాగడం దెబ్బతిందా తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. పూర్తిగా పెరిగిన ఆకు అడుగున, నడి ఈనెకు అంచుకు మధ్యలో, రంగులేని నెయిల్ పాలిష్ పలచగా పూసి పది నిమిషాలు ఆరనిచ్చి, సెల్లోటేపుతో లాగి స్లైడు మీద అతికించండి. 400 రెట్ల పెద్దదిగా చూసి కణాలు లెక్కపెట్టండి. అంచున సగం కనిపించేవాటిలో సగాన్నే లెక్కలోకి తీసుకోండి. 0.16 చదరపు మిల్లీమీటర్లలో 64 కణాలుంటే చదరపు మిల్లీమీటరుకు 400. ఆకు 4,000 చదరపు మిల్లీమీటర్లయితే ఒక ముఖాన 16 లక్షల కణాలు. ఒత్తిడిలో ఆకు సగమై, కణాలు అదే 64 ఉంటే, సంఖ్య సగమైంది, దెబ్బ చీలిక దశలో పడింది. 128 ఉంటే సంఖ్య అలాగే ఉంది, కణాలు చిన్నవయ్యాయి, దెబ్బ ఆలస్యంగా తగిలింది. నూగు ఎక్కువున్న ఆకుల్లో ముద్ర సరిగా రాదు.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: వరి ఆకు మధ్యాహ్నం చుట్టుకుపోతుంది. అది పెరుగుదల ఆగినట్టా?

రెండూ వేరు. పైముఖాన ఉండే పెద్ద కణాలు నీరు కోల్పోయి ముడుచుకుంటే ఆకు చుట్టుకుంటుంది, సాయంత్రానికి విప్పుకుంటుంది. కానీ చుట్టుకునే స్థితికి వచ్చిందంటే పెరుగుదల అప్పటికే తగ్గి ఉంటుంది. ఉదయం కూడా విప్పుకోకపోతే ఆలస్యం చేయకండి.

ప్రశ్న: బెట్టలోనూ ఆకు పెరుగుతూనే ఉండే రకాన్ని ఎంచుకోవడం మంచిదే కదా?

బెట్ట ఎలాంటిదో తెలియకుండా చెప్పలేం. పది రోజుల ఎడం తర్వాత వాన ఖాయమైతే పెరుగుతూ ఉండే రకమే గెలుస్తుంది, నేలను త్వరగా కప్పుతుంది. నేలలో నిలవున్న తేమ మీదే పంట ముగియాలంటే, పెద్ద ఆకులు ఆ నీటిని గింజ పట్టే దశకు ముందే ఖర్చు చేసేస్తాయి. అక్కడ ముందుగా ఆగే ఆకే లాభం.

ప్రశ్న: జిబ్బరెల్లిన్ పిచికారీ చేస్తే ఆగిన ఆకు పెరుగుతుందా?

పొడవు కొంత పెరగవచ్చు, ఆకు సన్నగా, పలచగా వస్తుంది. వేరులో నీరు లేనప్పుడు ఆకు వైశాల్యం పెంచితే ఆవిరయ్యే నీరు కూడా పెరుగుతుంది. ముందు కుండీ తూకం చూడండి, తర్వాత సీసా మూత తీయండి.